జిలానీ సాబ్ చుక్కల కాగితం

మొన్న ఆదివారం తిరుపతి బస్టాండు దగ్గర ఒక హోటల్లో ఇడ్లీ తింటూ ఉండగా, నా వెనక బల్ల దగ్గర ఎవరో కుర్చీ వెనక్కి జరిపారు. రాతి నేల మీద ఇనుప కాళ్ళు గీరుకున్న చప్పుడు. పళ్ళు జివ్వుమన్నాయి, నా చెయ్యి ప్లేటులోనే ఆగిపోయింది. వెనక్కి తిరక్కుండానే లెక్క పెట్టాను. ఇందాక వచ్చేటప్పుడు ఆ బల్ల దగ్గర ఆరుగురు ఉన్నారు. ఒకరు లేచారు, ఇక ఐదుగురు. ఐదుగురుంటే ఫరవాలేదు. అంతలో ఇంకో కుర్చీ జరిగింది. ఇక నలుగురే. ఎదురుగా కూర్చున్న మా ఆయన నా మొహం చూసి, "చేతులు కడుక్కోను పోతా ఉండార్లే. మీటింగేం రద్దు కాలేదు, తిను" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా జబ్బు ఆయనకు కూడా అలవాటైపోయింది.

నా జబ్బు పేరు కోరం. వైద్యుల పుస్తకాల్లో దొరకదు, సర్కారు చట్టాల్లో దొరుకుతుంది. ఒక సభలో చేసిన తీర్మానం చెల్లాలంటే కనీసం ఎంతమంది కుర్చీల్లో ఉండాలో ఆ సంఖ్యే కోరం. అది లేకపోతే ఎవరెంత కోరుకున్నా సభ జరగనట్టే. ఈ జబ్బు నాకు అంటించిన మనిషి జిలానీ సాబ్. మా ప్రాంత అభివృద్ధి అథారిటీలో బోర్డు సెక్షన్‌కు సూపరింటెండెంటుగా ఉండేవాడు. మా ఆఫీసులో నాకు చుక్కలు చూపించినవాళ్ళు చాలామందే ఉన్నారు, చుక్కలు పెట్టడం నేర్పింది మాత్రం ఆయనొక్కడే.

ఆయన్ను చూడనివాళ్ళకు ఎలా చెప్పాలి? సన్నటి మనిషి. నెరిసిన గడ్డం, తెల్ల పొట్టిచేతుల చొక్కా, జేబులో రెండు పెన్సిళ్ళు. వాళ్ళ నాయనకు చిత్తూరు బజారు వీధిలో గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేదట. కంటికి భూతద్దం బిగించి పంటి కింద నాలుక నొక్కిపెట్టి పనిచేసే ఆ నాయన పోలిక కొడుకులో అలాగే దిగింది. ఫైలు చదివేటప్పుడు జిలానీ సాబ్ నాలుక కొస కూడా పెదవుల మధ్య నుంచి కొంచెం బయటికి వచ్చేది. రోజూ చిత్తూరు నుంచి బస్సులో వచ్చి, సాయంత్రం బస్సులో పోయేవాడు. "గంటన్నర పోను, గంటన్నర రాను. మూడు గంటలు నన్ను ఎవురూ సంతకం అడగరు. స్వర్గం గదమ్మా" అనేవాడు.

మా నాయన చనిపోయిన ఏడాదే నేను ఆ ఆఫీసులో చేరాను. నాయన అక్కడే జీపు డ్రైవరు. ఆయన జీపు నడిపిన చోట నేను ఫైళ్ళు నడపడానికి వచ్చాను. ఆయన నడిపినంత కాలం జీపు ఎక్కడా గుద్దుకోలేదు, నా ఫైళ్ళ గురించి అంత ధైర్యంగా చెప్పలేను. కారుణ్య నియామకం కాబట్టి రెండేళ్ళు ప్రొబేషన్. ఆ రెండేళ్ళలో చిన్న మచ్చ పడినా ఉద్యోగం ఊడుతుందని మా అమ్మ రోజూ పొద్దున తలుపు దగ్గర నిలబడి గుర్తుచేసేది. ఇంట్లో అమ్మ, ఇంటర్ చదివే తమ్ముడు, నేను. సంపాదన నా ఒక్కదానిదే. అందుకని నేను ఆఫీసులో అడుగు తీసి అడుగు వేసేదాన్ని, ఆ అడుగు కూడా ఎవరినైనా అడిగి వేసేదాన్ని.

మొదటిరోజు జిలానీ సాబ్ ఒక కాగితం మీద కోడిగుడ్డు ఆకారంలో బల్ల గీశాడు. ఆ గుడ్డు పై కొసన ఛైర్మన్. ఆయన్ను ప్రభుత్వం నియమిస్తుంది. ప్రభుత్వం మారితే, ఉన్న మనిషి పోయి కొత్త మనిషి వచ్చేదాకా ఆ కుర్చీ ఖాళీ. పక్కన వైస్ ఛైర్మన్. ఆయన ఐఏఎస్ అధికారి. పేరులో ఉప, పనిలో అసలు. ఆదేశాలు, సిబ్బంది, పనులు అన్నీ ఆయన చేతి మీదుగానే నడుస్తాయి. ఆయన కింద కార్యదర్శి. చుట్టూ సభ్యులు: కలెక్టరు, కమిషనరు, ప్లానింగు అధికారి, ఇంజనీరు, ఎమ్మెల్యేలు, రాజధాని నుంచి వచ్చే శాఖల వాళ్ళు. అంతా విని, తెలివి చూపిద్దామని, "అంటే ఛైర్మన్ గారు ఉత్సవమూర్తి, వైస్ ఛైర్మన్ గారు మూలవిరాట్టు అన్నమాట సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, "బాగా సెప్పినావు. మరి పల్లకి మోసేవాళ్ళో?" అని అడిగాడు. మనమేనా సార్ అన్నాను. "మోసేవాళ్ళకు దేవుడు కనపడడమ్మా. ముందర నడిసేవాడి భుజం కనపడతాది. దాన్ని సూసుకో, సాలు" అన్నాడు.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. మా ఆఫీసులో ఇంకెవరికీ లేదు, ఏ చట్టమూ అడగలేదు. బోర్డు సమావేశం ఉన్నరోజు ఒక తెల్ల కాగితం మీద గళ్ళు గీసేవాడు. ఎడమ పక్క సభ్యుల పేర్లు, పైన అంశాల నంబర్లు. ఒక్కో అంశం మొదలుకాగానే తలెత్తి బల్ల చుట్టూ ఒకసారి చూసి, కుర్చీలో ఉన్న ప్రతి మనిషికీ పెన్సిలుతో ఒక చుక్క. లేచి వెళ్ళిన మనిషి గడి ఖాళీ. మధ్యలో చర్చ మాటలు పక్క కాగితం మీద రాసుకునేది కూడా ఆ పెన్సిలుతోనే. సభ్యులు రాగానే సంతకం పెట్టే హాజరు రిజిస్టరు ఉండగా ఈ చాదస్తం ఎందుకని నేను ఒకసారి అడిగాను. "రిజిస్టరు వచ్చినోళ్ళను సెప్తాది. ఉన్నోళ్ళను సెప్పదు" అన్నాడు. మాకు తిరుపతిలో ఆ రెంటికీ ఎంత దూరమో నాకు తర్వాత తెలిసింది. సుమారుగా అలిపిరికి ఎంత దూరమో అంత.

విషయం ఏమిటంటే, మా సమావేశాలకు బయటి ఊళ్ళ నుంచి వచ్చే సభ్యులు ఒక్క సమావేశం కోసమే రారు. తిరుపతి దాకా వచ్చి కొండ ఎక్కకుండా ఎవరు పోతారు? అందుకని సమావేశం మధ్యాహ్నం పెట్టేవారు. వాళ్ళు సంతకం పెట్టి, రెండు అంశాల మీద నాలుగు మాటలు మాట్లాడి, టీ వచ్చే వేళకు దర్శనానికి బయల్దేరేవారు. వాళ్ళ వాహనం అలిపిరి తనిఖీ దగ్గర ఆగిపోకుండా ఫోన్లు చేసే పని కూడా మా బోర్డు సెక్షన్‌దే. ఇంకో అలవాటు కూడా ఉండేది. ప్రతి అంశానికీ తీర్మానం ముసాయిదా ముందే టైపు చేసి ఉంచేవాళ్ళం. చివర 'ఆమోదించడమైనది' అని ఉండేది. చర్చ తర్వాత జరిగేది, ఆమోదం ముందే అచ్చయ్యేది. వాటిని మినిట్స్ అంటారు గానీ, రాయడానికి గంటలు పట్టేది, ఆమోదించడానికి మాత్రం నిజంగానే నిమిషాలే.

ఒకసారి బోర్డు సమావేశం రోజు జిలానీ సాబ్ రాలేదు. ఆయన భార్యకు రాయవేలూరు ఆస్పత్రిలో కంటి ఆపరేషను. ముందురోజు గళ్ళ కాగితం గీసి, దాని మీద బాగా చెక్కిన పెన్సిలు పెట్టి నాకు అప్పగించాడు. "ఏ అంశానికి ఆ అంశమే పెట్టు. ముందే పెట్టద్దు బేటీ" అన్నాడు. ముందే ఎవరు పెడతారు సార్ అని నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు వినిపిస్తూ ఉంటుంది, చాలా తెలివైన నవ్వు.

తొమ్మిదిమంది సంతకం పెట్టారు. మొదటి నాలుగు అంశాలకు బుద్ధిగా చుక్కలు పెట్టాను. ఐదో అంశం దగ్గర ఎవరిదో డ్రైవరు ఫోన్. ఆరో అంశం దగ్గర ఇంకొకరి అతిథి గది తాళం. ఎటూ అందరూ ఉన్నారు కదా, ముసాయిదాలు కూడా అచ్చయ్యే ఉన్నాయి కదా అనుకుని, మిగిలిన గళ్ళన్నీ ఒక్క విడతలో చుక్కలతో నింపేశాను. ముగ్గులా భలే ముచ్చటగా వచ్చిందనిపించింది. తర్వాత ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి పదకొండో అంశం నడుస్తోంది. నడుస్తోందనడం కూడా ఎక్కువే. ఛైర్మన్ గారు "ఇది కూడా పాస్" అంటున్నారు. బల్ల మీద తొమ్మిది టీ కప్పులు. నాలుగు ఖాళీ. ఐదింటిలో టీ మీద మీగడ కట్టి ఉంది. ఆ ఐదు కప్పుల వెనక కుర్చీలు వెనక్కి జరిపి ఉన్నాయి. నేను చూశాను. చూడలేదని చెప్పలేను. వాళ్ళు వరండాలో ఎక్కడో ఉండి ఉంటారని నాకు నేనే చెప్పుకున్నాను. నేనే ఆ వరండాలోంచి వచ్చానన్న సంగతి నాకు నేను గుర్తుచేసుకోలేదు.

పదకొండో అంశం నగరి దగ్గర ఒక నేతగాళ్ళ వీధి గురించి. ఆ వీధిని అరవై అడుగులకు వెడల్పు చేయాలి. ఛైర్మన్ గారి పదవీకాలం ముగియవచ్చింది. ఈలోగా శంకుస్థాపన జరగాలని ఆయన ఆత్రం. వీధివాళ్ళు రాసిన అభ్యంతరం కాగితం ఫైలుకు జత చేసి ఉంది. బోర్డు దాన్ని చదివి, పరిశీలించి, అప్పుడు నిర్ణయించాలి. మా తీర్మానంలో 'అభ్యంతరములను పరిశీలించిన మీదట' అని స్పష్టంగానే ఉంది. అది నేనే టైపు చేశాను, సమావేశానికి రెండురోజుల ముందు.

పది రోజుల తర్వాత ఆ వీధి నుంచి ఒకామె మా సెక్షన్‌కు వచ్చింది. పేరు గోవిందమ్మ. యాభై ఏళ్ళుంటాయి, చీర కొంగులో దూది పోగులు అంటుకుని ఉన్నాయి. గొడవ చేయలేదు. జిలానీ సాబ్ ఎదుట నిలబడి, "మా ఇండ్లకు గీతలు గీసేదానికి సోమవారం వస్తారంట సామీ. గీస్తే గీయండి. మా కాగితం ఎవురు సదివినారో పేర్లు సెప్పండి, సాలు. ఆ పేర్లు పోయి వీధిలో సెప్తాను" అంది. ఆమె అడిగింది అంతే. జిలానీ సాబ్ ఆమెను కూర్చోమని, నీళ్ళు తెప్పించి, బీరువా తీసి నా చుక్కల కాగితం బయటికి తీశాడు. ఆయన నాలుక కొస పెదవుల మధ్యకు వచ్చింది. కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. తర్వాత గోవిందమ్మతో, "రెండురోజులు టైమియ్యి తల్లీ. పేర్లు సెప్తాను, లేదంటే లేవని సెప్తాను" అన్నాడు.

ఆమె వెళ్ళాక నన్ను పిలిచి, తన పాత కాగితం ఒకటీ నాదీ పక్కపక్కన పెట్టాడు. ఆయన కాగితంలో మొదటి అంశం చుక్కలు సూదిమొనలా ఉన్నాయి. అంశాలు ముందుకు పోయేకొద్దీ చుక్కలు లావెక్కుతూ, చివరికి మిరియపు గింజల్లా ఉన్నాయి. నా కాగితంలో నాలుగో అంశం దాకా కొంచెం కొంచెం లావెక్కిన చుక్కలు, ఐదు నుంచి చివరిదాకా అన్నీ ఒకే మందంతో, ఒకే నలుపుతో ఉన్నాయి. "మూడు గంటల మీటింగుమ్మా. పెన్సిలు అరగలేదే" అన్నాడు. మీగడ కట్టిన టీ కప్పుల సంగతి కక్కేశాను. నలుగురే సార్ అన్నాను. కోరానికి ఐదుగురు కావాలి.

నేను ఎదురుచూసింది తిట్లు. తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేదో. ఆయన కాసేపు పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుని, దీన్ని ఫైల్లో నోటుగా రాయాలన్నాడు. మీరే రాయండి సార్ అని బతిమాలాను. "నేను రాస్తే నీ మీద ఫిర్యాదు అయితాది. నువ్వు రాస్తే జరిగింది జరిగినట్టు అయితాది. కింద నా సంతకం పెడతాను, నా సెక్షను గాబట్టి" అన్నాడు. ఆయన రిటైర్‌మెంట్‌కు మూడు నెలలు ఉంది. నా ప్రొబేషన్ ముగియడానికి ఏడు నెలలు ఉంది. ఆ రెండు లెక్కలూ ఆయనకు నాకంటే బాగా తెలుసు.

ఆ రెండురోజులూ నేను తిన్నది ఏమిటో గుర్తులేదు. అమ్మకు చెప్పలేదు. తమ్ముడు ఎంసెట్ పుస్తకం కొనాలంటే ఉలిక్కిపడ్డాను. రాస్తే ఉద్యోగం పోతుంది. రాయకపోతే ఎవరికీ తెలియదు, రిజిస్టరులో తొమ్మిది సంతకాలు నిక్షేపంగా ఉన్నాయి. జిలానీ సాబ్ మాత్రం ఏమైనా చెప్తాడా? చెప్పడనే నా నమ్మకం. ఆ నమ్మకమే నన్ను ఎక్కువ పీకింది. ఆయన అడగకుండా ఉంటే నేను రాయకుండా ఉండగలనా అని మెదడులో ఒకటే తిరుగుడు. చివరికి శనివారం ఆయనే, "రేవతమ్మా, నగరి దాకా పోయొద్దాం రా. ఊరికే" అన్నాడు.

బస్సు దిగి ఆ వీధిలోకి నడుస్తుంటే ఇళ్ళ లోపలి నుంచి మరమగ్గాల చప్పుడు, వీధి మొత్తం ఒకే గొంతుతో మాట్లాడుతున్నట్టు. గోవిందమ్మ ఇల్లు చిన్నది. మగ్గం వీధి గోడకు ఆనించి ఉంది, అక్కడే వెలుతురు వస్తుందట. సోమవారం గీయబోయే గీత ఆ మగ్గం మధ్యలోంచి పోతుంది. ఆమె మాకు కాఫీ ఇచ్చింది. జిలానీ సాబ్ పేర్లకు ఇంకో రెండురోజులు ఆగమని చెప్పి, మగ్గం బాగుందా, నూలు ఎక్కడి నుంచి తెస్తారు అని మాట్లాడాడు. నేనే ఉండబట్టలేక, మీ కాగితంలో ఏం రాశారని అడిగాను. నా చేతుల మీదుగా వెళ్ళిన కాగితమే, నేనూ చదవలేదు. ఆమె నావైపు ఆశ్చర్యంగా చూసి, "రోడ్డు వొద్దని రాయలేదు మేడం. ఆ పక్క పోరంబోకు ఖాళీగా ఉండాది గదా, కొంచెం ఆ పక్కకు జరపండి అని రాసినాం. అంతే రాసినాం" అంది. వీధికి అవతల నిజంగానే ఖాళీ స్థలం, ముళ్ళకంప, రెండు మేకలు. కాగితం చదివిన ఎవరికైనా ఒక్క ప్రశ్న తట్టి ఉండేది. చదవడానికి మనుషులే లేరు.

తిరుగు బస్సులో జిలానీ సాబ్ వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నాకూ గుప్పెడు పెట్టాడు. నోటు గురించి ఒక్క మాట ఎత్తలేదు. పుత్తూరు దాటాక నేనే, సోమవారం ఎన్ని గంటలకు గీతలు గీస్తారు సార్ అని అడిగాను. పదకొండు అన్నాడు. అయితే పదిన్నరకు ముందే ఇస్తాను అన్నాను. ఆయన తల ఊపి, ఇంకో గుప్పెడు శనక్కాయలు పెట్టాడు.

నోటు పది వాక్యాలు. రాయడానికి ఆదివారమంతా పట్టింది. 'పదకొండవ అంశము చర్చకు వచ్చిన సమయమున నలుగురు సభ్యులు మాత్రమే ఆసీనులై యుండిరి. నేను చుక్కలు ముందుగానే పెట్టితిని' అని రాశాను. భయం వేస్తే నేను గ్రాంథికంలోకి పోతానని ఆరోజే తెలిసింది. జిలానీ సాబ్ చదివి, కింద 'నా పర్యవేక్షణలో జరిగినది, బాధ్యత నాది' అని పెన్నుతో రాసి సంతకం పెట్టాడు. ఆయన చేతిలో పెన్ను చూడటం నాకు అదే మొదటిసారి అనిపించింది.

పదకొండుకు ముందే వైస్ ఛైర్మన్ గారు ఇద్దరినీ పిలిచారు. చెడ్డమనిషి కాదు. చిన్నవయసు, ఎప్పుడు బదిలీ అవుతుందోనని ఆయన గోడ మీద ఒక్క ఫోటో కూడా తగిలించుకోలేదు. హాజరు రిజిస్టరు ఉండగా పెన్సిలు గీతల కాగితానికి విలువ లేదని, ఈ నోటు ఫైల్లో లేకపోతే అందరికీ, ముఖ్యంగా ఈ అమ్మాయికీ మీకూ మంచిదని నెమ్మదిగానే చెప్పారు. జిలానీ సాబ్ చేతులు కట్టుకుని విని, "నంబరు పడిపోయింది సార్" అన్నాడు. ఇన్‌వార్డు నంబరు పడిన కాగితం ఆఫీసులో పుట్టినట్టే, దాన్ని లేదనడం ఎవరి వల్లా కాదు. వైస్ ఛైర్మన్ గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. గీతలు గీసేవాళ్ళను ఆపమని ఫోన్ చేశారు. అంశాన్ని మళ్ళీ బోర్డు ముందు పెట్టమని రాశారు. ఆ కిందనే మా ఇద్దరి మీదా మెమో కూడా రాశారు. కోరం లేదని చెప్పినందుకు మా వివరణ కోరారు.

మళ్ళీ సమావేశం నెల తర్వాత జరిగింది. ఆరుగురే వచ్చారు. జిలానీ సాబ్ నా పక్కన కూర్చుని, గళ్ళ కాగితం, పెన్సిలు నా ముందుకు నెట్టాడు. ఇప్పుడూ నేనేనా సార్ అన్నట్టు చూశాను. నువ్వే అన్నట్టు చూశాడు. నగరి వీధి మూడో అంశం. రెండో అంశం మధ్యలో ఒకరికి ఫోన్ వచ్చి బయటికి వెళ్ళారు, తిరిగి రాలేదు. ఐదుగురు. మూడో అంశం చదవడం మొదలుకాగానే రాజధాని నుంచి వచ్చిన సభ్యుడొకరు చేతి గడియారం చూసుకున్నారు. ఆ తర్వాత ఆయన కుర్చీ వెనక్కి జరిగింది. ఆ చప్పుడు.

మా సెక్షన్ వాళ్ళం బోర్డు హాల్లో గోడ పక్కన కూర్చుంటాం. అడిగితే కాగితం ఇస్తాం. నోరు తెరవడం ఆచారం కాదు. నేను జిలానీ సాబ్ వైపు చూశాను. ఆయన నావైపు చూడటం లేదు, నా చేతిలోని పెన్సిలు మొన వైపు చూస్తున్నాడు. నేను లేచి నిలబడ్డాను. మోకాళ్ళు ఎంత వణికాయంటే వాటి చప్పుడు మైకులో వినపడుతుందేమో అనుకున్నాను. "సార్, తమరు వెళ్తే నలుగురే ఉంటారు సార్" అన్నాను. ఛైర్మన్ గారు విసుగ్గా, "ఇదేమన్నా ఇస్కూలా? హాజరు పలకాల్నా?" అన్నారు. వైస్ ఛైర్మన్ గారు తన ముందున్న కాగితం మీద నుంచి తలెత్తకుండానే, "ఈ ఒక్క అంశం కూర్చోండి సార్. వాహనం నేను చూసుకుంటాను" అన్నారు. లేచిన సభ్యుడు నన్నొకసారి, గడియారాన్నొకసారి చూసి కూర్చున్నారు. కూర్చున్నాక ఏదో ఒకటి చేయాలి కదా, ఎదురుగా ఉన్న అభ్యంతరం కాగితం తీసి చదివారు. చదివి ఇంజనీరును, "అవతల ఖాళీ ఉందంటున్నారే, అటెందుకు జరపకూడదు?" అని అడిగారు.

అంతా బాగైపోయిందని చెప్పలేను. రోడ్డు అరవై అడుగులే ఆమోదించారు. గీత మాత్రం అవతలి పక్కకు కొంత జరిగింది, కోరినంత జరగలేదు. గోవిందమ్మ మగ్గం నిలిచింది, ముందున్న తిన్నె పోయింది. వీధి మలుపులో ఉన్న రెండిళ్ళకు మొత్తం ముందుగదులే పోయాయి. నేను తల దించుకుని ఈ సంగతి జిలానీ సాబ్‌కు చెప్పి, ఇంత చేసి ఏం లాభం సార్ అన్నాను. "పోగొట్టుకునేవాళ్ళ మాట గూడా ఎదురుగా నలుగురు కూసోని ఇనాల గదమ్మా. మన నిబంధన ఐదుగురనింది" అన్నాడు. గోవిందమ్మ మళ్ళీ వచ్చినప్పుడు ఆయన ఐదు పేర్లు ఒక చీటీ మీద రాసిచ్చాడు. ఆమె చదువుకుని, మడిచి కొంగున ముడివేసుకుంది.

నా ప్రొబేషన్ ఒక ఏడాది పొడిగించారు. అమ్మ మూడురోజులు మాట్లాడలేదు, నాలుగో రోజు తలుపు దగ్గర నిలబడటం మానేసింది. మచ్చ పడనే పడింది, ఇక దేనికి హెచ్చరించాలి? జిలానీ సాబ్ మీద మెమో విచారణగా మారింది, అది తేలకుండానే ఆయన రిటైరయ్యే రోజు వచ్చింది. విచారణలో ఉన్న మనిషి వీడ్కోలుకు వెళ్తే ఏమంటారోనని అధికారులు తలా ఒక పని పెట్టుకున్నారు. బోర్డు హాల్లోనే టీ, మిక్చరు పెట్టాం. మొదట పదిమంది దాకా వచ్చారు. ఒక్కొక్కరే చేతులు కలిపి, పని ఉందని లేచారు. కుర్చీలు ఒక్కొక్కటే జరిగాయి. నేను తల ఎత్తలేకపోయాను. చివరికి బల్ల చుట్టూ చూసి ఆయన నవ్వాడు. "నలుగురమే ఉండాం. కోరం లేదు. నా రిటైర్‌మెంటు సెల్లదు, రేపు కూడా వస్తా" అన్నాడు. మేము నవ్వలేకపోయాం. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "బేటీ, ఆ పొద్దు నువ్వు లేసి నిలబడినప్పుడు నాకు సెమటలు పట్టినాయి. నేను ముప్పై ఏండ్లు సుక్కలు పెట్టినాను గానీ, ఒక్కసారి గూడా లేసి సెప్పలేదు" అన్నాడు. అన్నేళ్ళ ఆ పెన్సిలు వెనక ఆయనకు కూడా నాలాంటి భయమే ఉండేదని అప్పుడు తెలిసింది. విచారణ రెండేళ్ళకు కొట్టేశారు. ఆ ఉత్తర్వు నేనే చిత్తూరు తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, నాలుక కొస బయటపెట్టి, కామాలతో సహా చదివాడు. అదే ఆఖరుసారి చూడటం.

ఇప్పుడు నేను ఆయన కుర్చీలో ఉన్నాను. ఛైర్మన్లు వచ్చారు, పోయారు. మధ్యలో నెలల తరబడి కుర్చీ ఖాళీగా ఉంది. వైస్ ఛైర్మన్లు గోడకు మేకు కొట్టకుండానే బదిలీ అయ్యారు. హాల్లో కెమెరా పెట్టారు, ఫైళ్ళు కంప్యూటర్లోకి వెళ్ళాయి. ముసాయిదాలు మాత్రం ఇప్పటికీ ముందే అచ్చవుతాయి. దర్శనం వేళలు కూడా అవే.

నిన్న సమావేశం. పొద్దున్నే గళ్ళు గీసి, పెన్సిలు చెక్కుకున్నాను. ఏడో అంశం కాణిపాకం దారిలో చిన్న అంగళ్ళవాళ్ళది. వాళ్ళ కాగితం రెండుసార్లు చదివి వెళ్ళాను. ఆ అంశం పిలవగానే కుర్చీ జరిగింది. ఒకటి, ఆ వెంటనే రెండోది. లెక్క పెట్టాను. లేచి నిలబడ్డాను. మోకాళ్ళు మొదటిసారి వణికినంతగానే వణికాయి. ఇన్నేళ్ళ అనుభవం వాటిదాకా ఇంకా దిగలేదు. చెప్పాల్సిన మాట చెప్పాను. ఒకరు కూర్చున్నారు, ఒకరు నన్ను చూసి ఏదో గొణుక్కుంటూ కూర్చున్నారు. ఏం జరుగుతుందో, ఎవరికి కోపం వచ్చిందో ఇంకా తెలియదు. హాలు ఖాళీ అయ్యాక కాగితం మడిచే ముందు కిటికీ వెలుగుకు పట్టి చూశాను. చివరి వరస చుక్కలు మిరియపు గింజలంత ఉన్నాయి. పెన్సిలు మొన బాగా అరిగింది. బీరువా తాళం వేసి, ఇంటికి బయల్దేరాను.